క్యారేజీలు విప్పే షెడ్డు

నేను చేసిన పని పేరు కోచింగ్ అని చెబితే మా చిట్టమూరు వైపు మొదట వచ్చే ప్రశ్న, ఏ పరీక్షకు సార్ కోచింగ్ అని. పరీక్ష ఏదీ లేదంటే ఇంకేమి అడగాలో తెలియక ఊరుకునేవాళ్ళు. నేనూ వివరించేవాణ్ణి కాదు. ఇప్పుడు పని మానేశాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న కుర్రవాళ్ళు, అమ్మాయిలు ఫోన్ చేసి అడుగుతున్నారు. వాళ్ళ కోసం, ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

పని ఇది. నిన్నటిదాకా తన చేతులతో పని చేసిన మనిషికి కంపెనీ పై పదవి ఇస్తుంది. ఈరోజు నుంచి ఆ మనిషి యాభై మంది చేత పని చేయించాలి. ఎలా చేయించాలో ఎవరూ చెప్పరు. ఆ మొదటి నెలల్లో పక్కన ఉండి, చూసి, అడిగి, అవసరమైతే ఒక మాట చెప్పడం నా పని. రొయ్యల ఫ్యాక్టరీలు, మేత తయారుచేసే కంపెనీలు, ఒకటి రెండు ఆసుపత్రులు: ముప్పై ఏళ్ళు ఈ తీరం వెంబడి అదే చేశాను.

మొదట్లో నా నోట్సులో పెద్ద పెద్ద మాటలు ఉండేవి. నా భార్య ఎస్తేరు ఆరోగ్య కేంద్రంలో నర్సు. సాయంత్రం ఊళ్ళు తిరిగి వచ్చి, కాళ్ళు కడుక్కుని, పెన్సిల్ తీసుకుని నా నోట్సు చదివేది. ఈ మాట విన్నవాడు రేపు పొద్దున లేచి ఏం చేస్తాడు అని అడిగేది. నేను చెప్పలేకపోతే ఆ వాక్యం కొట్టేసేది. ఆమె పోయి రెండేళ్ళు కావస్తోంది. ఈ కాగితాల్లో కొట్టేయవలసినవి ఏవైనా మిగిలి ఉంటే, ఆ లోపం నాది.

నాకు వచ్చిన పదవులు, సర్టిఫికెట్లు ఇక్కడ రాయను. ఒక మనిషి సంగతి రాస్తాను. ఆమె విషయంలో చేసినంత పెద్ద తప్పు నేను మరెక్కడా చేయలేదు. ఆమె దగ్గర చూసినంత పెద్ద గెలుపు కూడా మరెక్కడా చూడలేదు.

బల్ల దగ్గరి నుంచి

ఆమె పేరు పెంచలమ్మ. దొరవారిసత్రం పక్కన ఒక పల్లె. రొయ్యలు ఒలిచి, శుభ్రం చేసి, గడ్డకట్టించి విదేశాలకు పంపే ఫ్యాక్టరీలో పదిహేనేళ్ళు బల్ల దగ్గర నిలబడి ఒలిచింది. రొయ్య వీపు మీద నల్లటి దారం లాంటి పేగు ఉంటుంది. దాన్ని సన్నటి ఉక్కు సూదితో లాగేయాలి. ఆ పనిలో ఆమె చేయి చూడటానికి పక్క బల్లల వాళ్ళు ఆగేవాళ్ళు.

ఫ్యాక్టరీ మేనేజర్ చెంచురామయ్య గారు. కోపిష్టి, కానీ ఒకరి కష్టాన్ని తన పేరు మీద రాసుకునే మనిషి కాదు. అంతవరకు రొయ్యలు ఒలిచే హాలులో ఇన్‌చార్జిలందరూ మగవాళ్ళు, డిగ్రీ చదివి బయటి నుంచి వచ్చినవాళ్ళు. వాళ్ళలో ఒకడు మానేసినప్పుడు ఆయన పెంచలమ్మను మూడు నెలలు చూద్దామన్నారు. నన్ను పిలిపించి అసలు సంగతి దాచకుండా చెప్పారు. ఈమె నిలబడితే బల్లల దగ్గరి నుంచి ఇంకొందరిని పైకి తీసుకుంటాను, నిలబడకపోతే మళ్ళీ ఆ ఆలోచన చేయనివ్వరు, పైవాళ్ళు ఇప్పటికే నవ్వుతున్నారు, అని.

అంటే ఆ మూడు నెలల మీద పెంచలమ్మ ఒక్కతే కాదు, ఆ హాలులోని నూట ఇరవై మంది ఆడవాళ్ళూ ఆధారపడి ఉన్నారు. ఆమెకు ఆ విషయం తెలుసు. మొదటి రోజు నాతో అన్న మొదటి మాట అదే.

"నేను పడితే నా ఎనకాల తలుపు మూసేస్తారు సార్. అందుకని చెప్పండి, ఏం చేయమంటే అది చేస్తా."

ఏం చేయమంటే అది చేస్తానన్న మనిషి దొరికితే మా వృత్తిలో సంతోషిస్తాం. నిజానికి అక్కడ భయపడాలి.

నేను నేర్పింది

నేను నేర్పింది ఇది. గొంతు పెంచకు. ఒకే మాట రెండుసార్లు చెప్పకు. నిన్నటిదాకా పక్కన నిలబడినవాళ్ళే కాబట్టి కొంచెం దూరం పెట్టు, లేకపోతే మాట వినరు. పేరుతో పిలవనివ్వకు, మేడమ్ అనమను. మధ్యాహ్నం వాళ్ళతో షెడ్డులో తినకు, స్టాఫ్ భోజనాల గదిలో మిగతా ఇన్‌చార్జిలతో కలిసి తిను.

ఇవన్నీ నేను చదివినవే. ఆఫీసుల్లో పనిచేసే మగవాళ్ళకు చెప్పి, ఫలితం చూసినవే. పెంచలమ్మ ఒక్కటీ తప్పకుండా చేసింది. పదిహేను రోజుల్లో ఆమె నడక మారింది. పైవాళ్ళు వచ్చి చూసి బాగుందన్నారు. నేను ఇంటికి వెళ్ళి ఎస్తేరుతో గొప్పగా చెప్పాను.

రెండో నెలలో ఒక రోజు రెండు బల్లల మీద ఐసు చాలక సరుకు మెత్తబడింది. దాన్ని పక్కన పెట్టాల్సి వచ్చింది. ఐసు తగ్గిన సంగతి పెంచలమ్మకు గంట తర్వాత, అదీ నాణ్యత చూసే కుర్రవాడు చెబితే తెలిసింది. ఆ తర్వాతి వారం అంతకంటే పెద్దది జరిగింది. పొద్దున నంబర్లు వేసి ఇచ్చిన సూదులను సాయంత్రం లెక్కచూసి తీసుకుంటారు. ఒక సూది తిరిగి రాలేదు. విరిగిందో, కాలువలో పడిందో, ఎవరిదో, ఎవరూ నోరు మెదపలేదు. సూది విరిచినవాళ్ళను ఆ రోజే గేటు బయటికి పంపే నియమం ఉంది మరి. ఇంకొకరి నోట్లోకి పోయే తిండిలో ఇనుప మొన ఉండొచ్చన్న అనుమానం వస్తే ఇక చేసేదేమీ లేదు. రోజంతా ఒలిచిన సరుకు మొత్తం పారబోశారు.

చెంచురామయ్య గారు నన్ను పిలిచారు.

"దేవదానం గారూ, ఒక్క లైను రాసియ్యండి. ఆమె వల్ల కాలేదని. గౌరవంగా బల్ల దగ్గరికి పంపిస్తా, ఎవురూ ఏమీ అనరు."

రెండు రోజులు టైమ్ అడిగాను.

ఎస్తేరు అడిగిన మాట

ఇంట్లో జరిగింది చెప్పాను. ఎస్తేరు చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. అంతా విని, సూది సంగతి కాకుండా వేరేది అడిగింది. ఆ ఆడవాళ్ళు లోపల ఎలా ఉంటారు అని. తలకు టోపీ, మూతికి గుడ్డ, చేతులకు తొడుగులు, కళ్ళు తప్ప ఏమీ కనపడవని, మాట్లాడటం నిషేధమని చెప్పాను.

"అయితే వాళ్ళు మొకాలు చూసుకునేది ఎప్పుడు?"

షెడ్డులో అన్నం తినేటప్పుడు అన్నాను.

"మీరు ఆ షెడ్డు కాడికి ఒకసారన్నా పోయినారా?"

"ఆడవాళ్ళ షెడ్డులోకి నేనెట్టా పోతాను?"

"పోలేని చోటు గురించి సలహా ఎట్టా చెప్పినారు?"

తర్వాత తన పని గురించి చెప్పింది. రిజిస్టరు పట్టుకుని అడిగితే ఊరందరికీ ఆరోగ్యమేనట. వాళ్ళతో కూర్చుని ఏ కాయలో ఒలిస్తే అప్పుడు తెలుస్తుందట జ్వరం ఎవరికో.

మర్నాడు మధ్యాహ్నం ఆ షెడ్డు బయట నిలబడ్డాను. పెద్దదేం కాదు, నాలుగు వైపులా తెరిచి ఉన్న రేకుల షెడ్డు. సిమెంటు నేల. ఆడవాళ్ళు గుంపులుగా నేల మీద కూర్చుని క్యారేజీలు విప్పుకున్నారు. ఒకరి పులుసు ఇంకొకరి గిన్నెలోకి పోతోంది. మాటలే మాటలు. పిల్లాడికి బాగాలేక ఎవరు సగం నిద్రతో వచ్చారో, ఎవరి వేలు తెగిందో, ఏ సూది ఒంగి ఉందో, ఏ బల్లకు ఐసు ఆలస్యంగా వస్తోందో, నేను నిలబడిన పావుగంటలో అన్నీ నా చెవిన పడ్డాయి. మధ్యలో శ్రీహరికోట నుంచి రాకెట్ పోయింది. రేకులు అదిరాయి. ఎవరూ తినడం ఆపలేదు.

కోటమ్మ అనే పెద్దావిడ చేయి కడుక్కోవడానికి బయటికి వచ్చింది. ఇరవై ఏళ్ళ అనుభవం. ఐసు తగ్గిన రోజు మీకు తెలియదా అని అడిగాను.

"తెలవక ఏం సార్? అందులో చేతులు పెట్టేది మేమే కదా."

మరి పెంచలమ్మకు ఎందుకు చెప్పలేదన్నాను.

"పెంచలమ్మ ఉంటే చెప్పేవాళ్ళం. ఆయమ్మిప్పుడు మేడమ్. మేడమ్ అడిగితే చెప్తాం. అడిగేదానికి ఈడికి రాదు, ఆడ మాట్లాడేదానికి లేదు." నన్ను ఒకసారి పైనుంచి కిందికి చూసింది. "ఎవరో సారు వచ్చి నేర్పించి చెడగొట్టినాడంట. మీకేమన్నా తెలుసా?"

ఆ సారు నేనేనని ఆమెకు బాగా తెలుసు.

ఒప్పుకున్న రోజు

చెంచురామయ్య గారి గదికి వెళ్ళి, ఆ ఒక్క లైను రాయనని చెప్పాను. తప్పు ఆమెది కాదు, నాది. ఆమె చేతిలో ఉన్న ఒకే ఒక పనిముట్టును నేను తీసేశాను, మిగిలిన నెల ఇవ్వండి అన్నాను. ఇంత అనుభవం ఉన్న మనిషికి డబ్బులిచ్చి పిలిపించుకుంటే, నా తప్పే అని చెబుతున్నాడేమిటా అన్నట్టు చూశారు. చివరికి నెల ఇచ్చారు.

కొత్తవాళ్ళకు ఇక్కడ ఒక మాట. మన సలహా విని దెబ్బతిన్న మనిషి పక్కన నిలబడి, తప్పు నాది అని యజమానికి చెప్పలేకపోతే ఈ పనిలోకి రాకండి. మిగతావన్నీ నేర్చుకోవచ్చు.

అసలు కష్టం పెంచలమ్మతో వచ్చింది. నేను తప్పు చెప్పాను, మళ్ళీ షెడ్డుకు వెళ్ళి వాళ్ళతో తినమన్నాను. ఆమె ముఖం ఎర్రబడింది. రెండు నెలల్లో మొదటిసారి నా మాటకు ఎదురు చెప్పింది.

"మా అమ్మ వరి కోతకు పోయిన ఇంట్లో పెరట్లో నేల మీద కూర్చోని తిన్నాది సార్. నేనూ ఆమె పక్కన తిన్నా. కుర్చీలో కూర్చోని అన్నం తినేదానికి నాకు ముప్పై ఆరేళ్ళు పట్టింది. మళ్ళా కింద కూర్చోమంటుండారా?"

ఆమె కుర్చీ నుంచి దిగితే అధికారం పోతుందని కాదు ఆమె బాధ. ఆ కుర్చీ ఆమెకు ఏమిటో నేను అడగలేదు. అడగకుండా ఎక్కించాను, అడగకుండానే దిగమంటున్నాను. అది కూడా చెప్పి, ఇక ఏ సలహా ఇవ్వకుండా వచ్చేశాను.

మర్నాడు ఆమే నన్ను వెతుక్కుంటూ వచ్చింది. ఒక నిర్ణయానికి వచ్చేసింది.

"నేను కింద కూర్చోను సార్. వాళ్ళనీ కూర్చోనియ్యను. షెడ్డులో బల్లలు వేయిస్తా. అందరం పైనే."

ఇద్దరం చెంచురామయ్య గారి దగ్గరికి వెళ్ళాం. షెడ్డులో బల్లలు ఎందుకు, పెళ్ళి భోజనాలా అని ఆయన నవ్వారు.

"భోజనాలే సార్, రోజూ తినేవి," అంది ఆమె. పాత స్టీలు బల్లలు ఎన్ని మూల పడి ఉన్నాయో, వాటిలో ఎన్నింటికి కాళ్ళు అతికిస్తే పనికొస్తాయో అప్పటికే చూసి వచ్చింది. వెల్డింగ్ చేసే అతనితో మాట్లాడి వచ్చింది. ఆయన కాదనడానికి ఏమీ మిగల్చలేదు. ఆ గదిలో నేను ఒక్క మాట మాట్లాడే అవసరం రాలేదు.

శనివారానికి బల్లలు వచ్చాయి. మొదటి రోజు ఆడవాళ్ళు వాటి మీద క్యారేజీలు పెట్టడానికి కూడా జంకారు. పెంచలమ్మ మధ్య బల్ల దగ్గర కూర్చుని తన క్యారేజీ విప్పింది. ఆమె రమ్మంటే నేను షెడ్డు అంచున నిలబడ్డాను. లోపల ఏమని పిలిచినా ఇక్కడ తాను పాత పెంచలమ్మేనని వాళ్ళకు చెప్పింది. తర్వాత సూది సంగతి ఎత్తింది.

"ఇరిగితే ముందు నాకు చెప్పండి. చెప్పినదాన్ని గేటు బయటికి పంపిస్తే, ఆమెతోబాటు నేనూ పోతా."

కోటమ్మ అంది, "నువ్వు పోతే నీకింకో కుర్చీ దొరుకుద్ది. మాకో?"

"ఈ ఒక్కటి దొరికేదానికే ముప్పై ఆరేళ్ళు పట్టింది మే. ఇంకోటి యాడ దొరుకుద్ది?"

నవ్వారు. ఆ నవ్వు తర్వాత పులుసు గిన్నె ఒకటి బల్ల మీదుగా పెంచలమ్మ వైపు జరిగింది.

సూది మొన

మూడో నెల చివరి వారం. మధ్యాహ్నం మూడు గంటలు. ఆ సాయంత్రం ఓడరేవుకు పోవలసిన కంటైనరు గేటు దగ్గర నిలబడి ఉంది. నేను తెల్లకోటు, టోపీ వేసుకుని హాలు తలుపు దగ్గర ఉన్నాను.

కోటమ్మ చేయి పైకెత్తింది. పెంచలమ్మ వెళ్ళింది. సూది మొన విరిగింది, ఈ ట్రేలోనో ముందు పంపిన ట్రేలోనో పడి ఉంటుంది అని కోటమ్మ చెప్పింది. ఏదీ దాచకుండా చెప్పింది. ఇరవై ఏళ్ళలో సూది విరిగితే తనంతట తాను చెప్పడం అదే మొదటిసారని తర్వాత నాతో అంది. ఎన్నిసార్లు చెప్పకుండా ఊరుకుందో నేను అడగలేదు.

పెంచలమ్మ బల్ల ఆపించింది. ఎవరి చేతులు ఎక్కడ ఉన్నాయో అక్కడే ఉంచమంది. కడగడానికి పోయిన ట్రేలను వెనక్కి తెప్పించింది. మొత్తం ఆరు. పక్క బల్లలను కూడా నిలిపి, అందరినీ ఆ ఆరు ట్రేల చుట్టూ నిలబెట్టి, ఒక్కొక్క రొయ్యను వేళ్ళ మధ్య నొక్కి చూడమంది.

హాలు ఆగిందని తెలిసి చెంచురామయ్య గారు పరుగున వచ్చారు. కంటైనరు ఎదురుచూస్తోందని, ఇనుమును పట్టే యంత్రం ఉందని, అది చూసుకుంటుందని అన్నారు.

"అంత సన్నది అది పట్టుకోకపోవచ్చు సార్," అంది పెంచలమ్మ.

"ఎంతసేపు?"

"దొరికిందాకా."

"దొరక్కపోతే?"

"ఈ ఆరూ పారబోస్తాం. నా పేరు మీద రాసుకోండి. కానీ లైను మాత్రం తిరగదు."

ఆమె గొంతు పెంచలేదు. ఒకే మాట రెండుసార్లు చెప్పలేదు. నేను నేర్పిన వాటిలో పనికొచ్చినవి ఆ రెండే అని అక్కడే అనుకున్నాను. చెంచురామయ్య గారు నా వైపు చూశారు. ఆమెను సమర్థిస్తూ ఒక మాట చెప్పాలని నోటిదాకా వచ్చింది. చెబితే ఆ నిర్ణయం నాదైపోతుంది. ఊరుకున్నాను. ఆయన తొడుగులు తెప్పించుకుని, తనూ ఒక ట్రే ముందు నిలబడ్డారు.

యాభై నిమిషాలు పట్టింది. మస్తానమ్మ అని ఇరవై రెండేళ్ళ అమ్మాయి, ఐదో ట్రేలో, ఒక రొయ్య తోక దగ్గర దాన్ని పట్టుకుంది. వేలి చివర పెట్టుకుని పైకెత్తి చూపించింది. వెంట్రుక ముక్కంత ఉంది. కోటమ్మ సూదికి ఆనించి చూస్తే సరిపోయింది. మాట్లాడకూడదన్న నియమం ఆ క్షణంలో కూడా ఎవరూ తప్పలేదు. మూతిగుడ్డల పైన నూట ఇరవై జతల కళ్ళు నవ్వుతున్నాయి. అంత పెద్ద శబ్దం నేను ఎప్పుడూ వినలేదు.

కంటైనరు ఆ సాయంత్రమే పోయింది. యంత్రం ఆ మొనను పట్టుకునేదా అని చెంచురామయ్య గారు మర్నాడు నాణ్యత విభాగం వాళ్ళతో పరీక్ష చేయించారు. మూడుసార్లు పంపితే మూడుసార్లూ యంత్రం ఊరుకుంది.

తర్వాత

గేటు బయటికి పంపే నియమాన్ని ఆయనే తీసేయించారు. వారం తిరగకుండా పెంచలమ్మ పదవి ఖాయమైంది. పైవాళ్ళ ముందు చెంచురామయ్య గారు సూది సంగతి చెప్పినప్పుడు, హాలు ఆపినందుకు ఆమెను పొగుడుతారనుకున్నాను. ఆయన అన్నది వేరు. ఆపడం ఎవరైనా ఆపుతారు, సూది విరిగిందని ఆమెకు తెలిసింది, నాకు ఇన్నేళ్ళలో ఒక్కసారీ తెలియలేదు, అన్నారు.

ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు నేను ఇవ్వగలిగింది ఇంతే. నాయకత్వం అంటే ఏమిటని చెప్పే కాగితాలు చాలా దొరుకుతాయి. నేనూ కొన్ని రాశాను. మీ దగ్గరికి వచ్చిన మనిషికి చెడు కబురు ఎంత తొందరగా చేరుతుందో చూడండి. చేరుతుంటే ఆ దారిని చెడగొట్టకండి. చేరకపోతే ఎక్కడ తెగిందో వెతకండి. అది మీరు వెళ్ళలేని చోట ఉంటే, వెళ్ళగలిగినవాళ్ళను అడగండి. నేను అడగకుండానే నాకు చెప్పే మనిషి ఇంట్లో ఉండేది. అందరికీ ఆ అదృష్టం ఉండదు.

పోయిన నెల పెంచలమ్మ ఫోన్ చేసి రమ్మంది. ఇప్పుడు రెండు షిఫ్టులూ ఆమె చూస్తోంది. ఇన్‌చార్జిలు ఐదుగురిలో నలుగురు బల్లల దగ్గరి నుంచి వచ్చిన ఆడవాళ్ళు. నాలుగో మనిషి మస్తానమ్మ, పదవిలోకి వచ్చి పది రోజులైంది. కొత్త ఇన్‌చార్జి అంటే నన్ను పిలిచింది అందుకేనేమో అనుకుని, సంచిలో నోట్‌బుక్, పెన్ను పెట్టుకుని వెళ్ళాను.

మధ్యాహ్నం షెడ్డులోకి తీసుకెళ్ళింది. ఆడవాళ్ళ షెడ్డులోకి వస్తే ఎవరైనా అభ్యంతరం చెప్పే వయసు కాదు ఇప్పుడు నాదని కోటమ్మ అందరికీ వినిపించేలా అంది. మస్తానమ్మ తిండి ముందు పెట్టుకుని దిగాలుగా ఉంది. పొద్దున ఎవరి మీదో అరిచిందట. నేను నోట్‌బుక్ తీశాను. మొదటి ప్రశ్న ఏమడగాలా అని చూస్తున్నాను.

పెంచలమ్మ నా ముందు కంచం పెట్టి అన్నం వడ్డించింది.

"మీరు తినండి సార్. తినేదానికే పిలిచింది. ఈ పిల్లని నేను చూసుకుంటా."

అని మస్తానమ్మ దగ్గరికి జరిగి కూర్చుని, సలహా ఏమీ చెప్పకుండా, పొద్దున ఏం జరిగిందో మొదటి నుంచి చెప్పమంది. మస్తానమ్మ చెప్పడం మొదలుపెట్టింది. నేను తిన్నాను.